ప్రయాణపు మూటలో మద్యపు సీసా



మాది రావిర్యాల. ఇబ్రహీంపట్టణపు ప్రాంతము. మా గ్రామమునకు పడమట శంషాబాదు విమానాశ్రయమున్నది. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీనుండి, అంతకుమునుపు బేగంపేటలో దిగుచుండిన విమానములన్నియు అచ్చట దిగుచున్నవి. నాటినుండి మా రచ్చబండమీద కూర్చున్న పెద్దలకు ఆకాశము వైపు చూచుట యలవాటైనది. దుబాయినుండి వచ్చు విమానమేది, అమెరికాకు పోవు విమానమేది యని వారు వేళనుబట్టి గుర్తింపగలరు. ఇంటికొక్కడైన దూరదేశమున నున్నవాడే కదా.

ఆ పెద్దలు నన్నడుగు ప్రశ్న యొకటి గలదు. "సారూ, మావాడు వచ్చేటప్పుడు సీసా తేవచ్చునా? పెట్టెలో పెట్టవలెనా, చేతిసంచిలోనా? ఎన్ని తేవచ్చును?" నేను మద్యమెరుగను. అయినను ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పినవానికి ఎరుగనని తప్పించుకొను స్వాతంత్ర్యము లేదు. నియమములను వెదకితిని. వెదకగా, ఆ నియమముల వెనుక మిక్కిలి పాతదియగు చరిత్ర గానవచ్చెను. త్రాగుట తగునా తగదా యను విచారము నే నిచ్చట చేయను. మద్యము ప్రయాణము చేసినపుడెల్ల రాజులు, అధికారులు, ప్రజలు ఏమి చేసిరను దానినే మనవిచేసెదను.

మహాభారతమున మౌసలపర్వమును విన్నవారికి ఈ కథ క్రొత్తది కాదు. సాంబుని గర్భమున పుట్టిన ముసలమును పొడిచేసి సముద్రమున కలిపిన పిమ్మట, వృష్ణ్యంధకుల యిండ్లలో నెవ్వరును మద్యము కాచరాదనియు, కాచినవానిని బంధువులతోగూడ కొఱ్ఱు వేయుదుమనియు ద్వారకలో చాటింపు వేయించిరి. జనులు భయపడి యూరకుండిరి. ఇది మన వాఙ్మయమున మొట్టమొదట కానవచ్చు మద్యనిషేధములలో నొకటి. కొంతకాలమునకు ఉత్పాతములు పుట్టగా, శ్రీకృష్ణుడు అందరిని సముద్రతీర్థమునకు యాత్ర పొమ్మనెను. యాదవులు ప్రయాణసన్నాహము చేసిరి. భక్ష్యములు, మాంసములు, వానితో బాటు నానావిధ మద్యములు బండ్ల కెక్కించిరి. ప్రభాసతీర్థమున త్రాగిరి. సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను. మాట మాటకు కలిసి కత్తి లేచినది. తుదకు తుంగ తుంపులే ముసలములై ఆ వంశమంతయు నొక్కపూటలో నశించెను.

చాటింపు పడిన నగరమునుండి బయలుదేరిన బండ్లలోనికి ఆ మద్యమెట్లు వచ్చెను? ఎవరు కాచిరో వ్యాసుడచ్చట చెప్పడు. ఊరిలో నొక ధర్మము, ఊరు దాటిన నొక ధర్మము నని యాదవులు తలచిరేమో. ఆజ్ఞ నేలకు కట్టుబడి యుండును. కుండ యన్ననో కదలును. ఈ రెంటి నడుమ పుట్టిన చిక్కును విప్పుటకే తరువాతివారందరును పాట్లుపడిరి.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున రెండవ యధికరణములో సురాధ్యక్షుడను నధికారిని నియమించెను. మద్యము గ్రామమునుండి బయటికి పోరాదనియు, దుకాణములు ఒకదానినొకటి యానుకొని యుండరాదనియు విధించెను. అయితే ఆయన లోకమెరిగినవాడు. నడవడి శుద్ధమని తెలిసిన మనుష్యుడు కొద్దిపాటి మద్యమును దుకాణమునుండి తీసికొనిపోవచ్చు నని యొక సడలింపు చూపెను. అది కుడుబములో నాలుగవవంతు మొదలుకొని ఒక ప్రస్థము వరకు. కొలత చెప్పి, దాని కెగువది నేరమనుట! నేడు విమానాశ్రయమున గోడకంటించిన పట్టికలో నున్న పద్ధతియు నిదియే గదా.

అదే గ్రంథములో శుల్కాధ్యక్షుని ప్రకరణము ఇంకను ముచ్చటైనది. సుంకపుశాల వాకిట వర్తకుల మూటలకు ముద్రలుండవలెను. ముద్ర లేనివానికి రెట్టింపు సుంకము. దొంగముద్ర వేసినవానికి ఎనిమిది రెట్లు. కాని పెండ్లికి గొనిపోవు వస్తువులు, కానుకలు, యజ్ఞములకు, పురిటికి, ఉపనయనాది శుభకార్యములకు వలయునవి సుంకము లేకయే పోవలెను. ఆ మిషతో అబద్ధమాడినవానికి దొంగకు వేయు దండన. ప్రయాణికుని సొంతమూట వేరు, వర్తకుని సరకు వేరు అను విభాగము దీనిలోనే స్పష్టముగ నున్నది. ఇంగ్లీషువారు తెచ్చిన కస్టమ్సు చట్టములు మనకు క్రొత్తవని తలచువారు ఈ రెండధ్యాయములను చదువవలెను.

ఇంక మన దేశమునకు వత్తము. 17వ శతాబ్దపు నడిమికాలమున, కుతుబుషాహీల యేలుబడిలో, టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు గోలకొండకు వచ్చెను. ఆయన వజ్రములను గూర్చి వ్రాసినది అందరు నెరుగుదురు. కల్లును గూర్చి వ్రాసినది తక్కువమంది యెరుగుదురు. నాలుగైదు క్రోసుల దూరమునుండి తోలుతిత్తులలో కల్లు నింపి, గుఱ్ఱమునకు ఇరుప్రక్కల నొక్కొక్క తిత్తి వ్రేలగట్టి, దౌడుతీయించుచు పట్టణమునకు తెచ్చెడివారట. దినమునకు అయిదారువందల గుఱ్ఱములు వచ్చెడివట. ఆ కల్లుమీది పన్ను రాజునకు మంచి రాబడి. హైదరాబాదునుండి మా ప్రాంతపు దూరమును లెక్కించి చూచితిని. ఆ గుఱ్ఱములలో కొన్ని మా యీతవనముల దారినే పోయియుండునని నా మనస్సునకు తోచుచుండును. దానికి నా యొద్ద శాసనము లేదు. తోచినదని మాత్రమే చెప్పుచున్నాను.

గుఱ్ఱములను దౌడు తీయించుట యెందులకు? మా యూరి గౌడుల నెవ్వరినడిగినను చెప్పుదురు. కల్లు ఉదయమున తీపి, మధ్యాహ్నమునకు ఘాటు, మరునాటికి పులుపు. లొట్టిలో నది యూరక యుండదు, పొంగుచునే యుండును. ఆ పొంగునుండి వాయువు పుట్టును. మూతి బిగించితిమా, పాత్ర పగులును. తోలుతిత్తి సాగును గనుక కొంత యోర్చుకొనును. గాజుసీసాలో పోసి బిరడా బిగించి పెట్టెలో పెట్టినచో, ఆ పెట్టెలోని బట్టలగతి దైవమే యెరుగును. అందుచేత కల్లు చెట్టును విడిచి దూరము పోలేదు. ఊరికల్లు ఊరిలోనే. నిలువయుండి దేశములు దాటగలిగినది బట్టీసారా మాత్రమే.

అరకు అను మాట అరబ్బీ భాషనుండి వచ్చినది. చెమట యని యర్థము. బట్టీ గొట్టమున చెమటబొట్టువలె దిగునది గనుక ఆ పేరు. అది పులియదు, పొంగదు, ఓడలోనైనను చెడదు. అయితే దానికి మరియొక గుణమున్నది. అంటుకొనును. ఓడలలో అరకు, రమ్ము మోసిన నావికులకు ఇది బాగుగ తెలియును. సారాలో నీరెంత కలిపినారో తేల్చుటకు ఇంగ్లండులో పూర్వమొక పరీక్ష యుండెడిది. తుపాకిమందును సారాతో తడిపి నిప్పు చూపెడివారు. మందు అంటుకొన్నచో సరకు మంచిదని ఋజువు. అంటుకొననిచో నీరు కలిసినదని. ఆ ఋజువును వారు ప్రూఫ్ అనిరి. పిమ్మట దానిని కొలమానముగ స్థిరపరచిరి. నూరు డిగ్రీల ప్రూఫ్ అనగా ఘనపరిమాణములో నూటికి 57 పాళ్ల కించుక యెగువ సారము. మన దేశపు విస్కీసీసామీద 42.8 అను నంకె ముద్రించియుండుట చూచియుందురు. ఆ బేసి సంఖ్య యెక్కడిదని పెక్కురకు సందేహము. అది 75 డిగ్రీల ప్రూఫ్‌కు సరియైన లెక్క. తుపాకిమందు పరీక్ష పోయి యెంతకాలమయ్యెను! దాని నీడ మాత్రము మన సీసా చీటీమీద నిలిచియున్నది.

విమానము వచ్చిన తరువాత ఈ నిప్పు సంగతి మరల ముందుకు వచ్చెను. నూటికి 40 పాళ్ల సారమున్న మద్యమునుండి సుమారు 26 డిగ్రీల వేడిమిలోనే అంటుకొనగల యావిరి లేచును. సార మెక్కువైన కొలది అంతకంటె తక్కువ వేడిమి చాలును. అందుచేత అంతర్జాతీయ పౌరవిమాన సంస్థవారు మూడు తరగతులు చేసిరి. నూటికి 24 పాళ్లకు మించనివి, అనగా బీరు, ద్రాక్షసారాయము వంటివి, నిప్పుభయము లేనివి. వానికి ఆ భయమునుబట్టి పరిమితి లేదు. 24కు మించి 70 వరకు నున్నవి, అనగా విస్కీ, బ్రాందీ, రమ్ము వంటివి, మనిషి కయిదు లీటర్లు. అవియు అంగడిలో మూసిన మూత మూసినట్లే యుండవలెను. 70కి మించినవి చేతిసంచిలో గాని పెట్టెలో గాని విమానమున నెక్కరాదు. ఇంటిలో కాచి సీసాలో పోసినదానికిని, సగము త్రాగి మూత బిగించినదానికిని ఈ సడలింపు వర్తింపదు.

గాలి తేలికయైన యెత్తున సీసా పగులునని కొందరి భయము. ఆ భయము నిజము కాదు. విమానము ముప్పదివేల యడుగులకు పైగా పోవుచున్నను, లోపలి గాలి యొత్తిడి యెనిమిదివేల యడుగుల కొండమీద నుండు నొత్తిడికి తగ్గకుండ కాపాడుదురు. పెట్టెలుంచు క్రింది గదియు నట్టిదే. నేలమీది యొత్తిడిలో నది ఇంచుమించు ముప్పాతికవంతు. బిగువు లేని బిరడా తడియూరవచ్చును గాని గాజు పగులదు. పగులుట యంతయు కూలీలు పెట్టెలు విసరుటవలన, బరువుపెట్టెలు మీదబడుటవలన. మన యాడవారు ఆవకాయ జాడీని కట్టు పద్ధతియే దీనికిని తగినది. సీసాను నీరుదిగని సంచిలో నుంచి మూతిని ముడివేసి, దుప్పటి చుట్టి, పెట్టె నడుమ నుంచి నాలుగువైపుల బట్టలు కూరవలెను. పెట్టె యంచున నుంచరాదు, రెండు సీసా లొకదాని నొకటి తాకరాదు.

చట్టముల చరిత్రకు మరల వత్తును. నిజాముల కాలమున అబ్కారీ రాబడి ఖజానాకు గొప్ప యాధారము. 1316 ఫసలీలో, అనగా 1906-07 ప్రాంతమున, హైదరాబాదు అబ్కారీ చట్టము వచ్చినది. గుత్తదారులు, చెట్టుపన్ను, ముద్రవేసిన చెట్లు ఇవి యన్నియు మా తాతల కాలపు మాటలు. ఇంతలో మదరాసు రాజధానిలో వేరు గాలి వీచెను. 1937 అక్టోబరు 1వ తేదీన రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో నిషేధమారంభించెను. మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. 1948 నాటికి ఆ రాజధాని యంతయు నిషేధము క్రిందికి వచ్చినది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ఆ నిషేధము వారసత్వముగ దానికి సంక్రమించెను. గీతకార్మికులు బ్రతుకు పోయినదని మొరపెట్టిరి. విచారణసంఘము నిషేధమును తీసివేయుమని సలహా యిచ్చినది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము దాని నంగీకరింపలేదు. 1954 నవంబరులో ఆ ప్రశ్నమీదనే శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వము పడిపోయెను. తుపాకికి రొమ్ము చూపిన మహానుభావుని ప్రభుత్వము కల్లుకుండ తగిలి కూలినది!

1956 నవంబరు 1న రెండు ప్రాంతములు కలిసినవి. అప్పుడు వింతయైన స్థితి యేర్పడెను. ప్రభుత్వమొక్కటి, ముఖ్యమంత్రి యొక్కడు. కృష్ణ కీవల నల్లగొండలో అబ్కారీ దుకాణము; ఆవల గుంటూరులో నిషేధము. ఈ యొడ్డున ధర్మముగ కొన్న సీసా ఆ యొడ్డున నేరమయ్యెను. పడవ నడిమి నీటిలో నుండగా నది నేరమో కాదో చెప్పగల న్యాయశాస్త్రజ్ఞుడెవ్వడు? 1960 దశకము ముగియునప్పటికి ఈ భేదము పోయి, 1968వ సంవత్సరపు ఎక్సైజు చట్టము రెండు ప్రాంతములకును వచ్చినది.

మరల 1990 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు సారాపై తిరుగబడిరి. పాటలు జరుగనీయలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. రామారావుగారు ముఖ్యమంత్రియై 1995 జనవరి 16నుండి సంపూర్ణనిషేధము పెట్టిరి. 1997 ఏప్రిలులో అది సడలినది. ఆ రెండేండ్లు సరిహద్దుల ప్రయాణము నే నెరుగుదును. ఒకమారు బీదరునుండి బస్సులో వచ్చుచుండగా సరిహద్దున నాపి మూటలన్నియు విప్పించిరి. నా ప్రక్కన కూర్చున్న ముసలమ్మ సంచిలో సీసా దొరికినది. జవాను మూత తీసి వాసన చూచి ముఖము చిట్లించెను. అది ఆముదము. మనుమరాలి పురిటికి తెచ్చుకొనుచున్నది. బస్సంతయు నవ్వినది గాని ఆ ముసలమ్మ నవ్వలేదు. మూటను మరల కట్టుకొనుటకు ఆమెకు చేతులు వణకినవి. ఆ వణకుట నాకిప్పటికిని కనబడుచున్నది. మంచిచట్టమైనను మూట విప్పించునపుడు ఎవరి మూట యని చూడదు.

సుంకము లేని దుకాణపు కథ వేరొక ఖండమున బుట్టినది. ఐర్లండు పడమటి తీరమున షానన్ అను చోటు గలదు. అట్లాంటికు దాటు విమానములు చమురు నింపుకొనుటకు అచ్చట దిగెడివి. దిగిన ప్రయాణికుడు ఆ దేశములో ప్రవేశింపలేదు, విడిచిన దేశములోను లేడు. అట్టివానియొద్ద ఏ రాజు పన్ను తీసికొనవలెను? ఎవ్వరును తీసికొనరాదని బ్రెండన్ ఓరీగన్ అను నతడు వాదించెను. 1947లో ఐర్లండు శాసనసభ యొక చట్టము చేసినది. ప్రపంచమున మొదటి సుంకరహిత విమానాశ్రయపు దుకాణ మచ్చట వెలసినది. నదిలోని పడవను గూర్చి మన మడిగిన ప్రశ్నకు ఆ యూరివారు బేరములో సమాధానము చెప్పిరి. 1983లో దుబాయివారు తమ దుకాణము తెరచునపుడు ఆ షానన్ వారినే పిలిపించుకొనిరి. కరీంనగరమునుండి, నిజామాబాదునుండి గల్ఫునకు పోయిన మనవారు తిరుగుప్రయాణమున సీసా కొనునది అట్టి దుకాణములలోనే.

ఇచ్చట పెద్దలు చెవియొగ్గి వినవలసినది యొకటి గలదు. తెచ్చుట వేరు, కొనిపోవుట వేరు. సౌదీ యరేబియాలోను, కువైటులోను మద్యము నిషిద్ధము. దుబాయి ప్రక్కనే యున్న షార్జాయు నిషేధము పాటించు చోటు. ఒకే దేశములో నీ భేదము, మన కృష్ణానది యొడ్డులవలె. ఆ దేశములలో పెట్టెనుండి సీసా తీసినచో సుంకము కట్టి విడిపించుకొను సంగతి కాదు. చెరసాల, పిమ్మట దేశబహిష్కారము. అప్పుచేసి వీసా కొనుక్కొనిపోయిన బిడ్డ యొక్క సీసాతో ఇంటికి తిరిగి వచ్చును, అప్పు మాత్రము ఇంటిలోనే యుండును. ఎవరో తెలిసినవారు "మా తమ్మునికి ఇయ్యి" యని యిచ్చిన కట్టిన పొట్లమును పెట్టెలో పెట్టుకొనుట యింకను ప్రమాదము. పెట్టె యెవనిదో నేరము వానిదే. మన దేశములో కూడ గుజరాతున 1960లో రాష్ట్రమేర్పడిన నాటినుండి, బీహారున 2016నుండి నిషేధమున్నది. విమానపు నియమము అయిదు లీటర్లనినను, పాట్నాలో దిగినవానికి ఒక్క చుక్కయు చెల్లదు. గోవాలో పన్ను తక్కువయని కొని తెచ్చిన సీసాలను శంషాబాదున ఎక్సైజువారు పట్టుకొనుట పత్రికలలో చూచుచున్నాము. ఆ సీసాపై మన రాష్ట్రపు పన్ను చెల్లలేదు గనుక.

విదేశమునుండి వచ్చువానికి 2016నాటి బ్యాగేజి నియమములు రెండు లీటర్లు సుంకము లేక విడిచినవి. అంతకు మించినదానిని చెప్పి సుంకము కట్టవలెను. చెప్పక పచ్చదారిన నడచినచో కౌటిల్యుని నాటి దొంగదండనయే. విమానములో పోవుటకు అయిదు లీటర్లు, సుంకము లేకుండుటకు రెండు లీటర్లు. మొదటిది నిప్పునుబట్టి, రెండవది పన్నునుబట్టి. ఈ రెంటిని కలిపి తికమకపడువారు పెక్కురు.

చేతిసంచి కథ 2006లో మారినది. ఆ యేడు ఆగస్టులో, ద్రవపదార్థములతో విమానములను పేల్చు కుట్ర లండనులో బయటపడినది. అప్పటినుండి నూరు మిల్లీలీటర్లకు మించిన ద్రవపు పాత్ర చేతిసంచిలో పనికిరాదను నియమము లోకమంతట వ్యాపించెను. విమానాశ్రయపు దుకాణములో కొన్నదానికి మాత్రము ముద్రవేసిన సంచి యిత్తురు. ఆ ముద్ర విప్పరాదు.

ఈ నియమముచేతనే మా యూరిలో నొకటి జరిగెను. నా శిష్యుడొకడు దుబాయిలో పనిచేయుచున్నాడు. వాని తాత గౌడు. నలువదియేండ్లు మోకు, ముస్తాదు కట్టుకొని చెట్లెక్కినవాడు. మనుమనినుండి ఏనాడును ఏమియు కోరలేదు. ఒకమారు మాత్రము "దొరలు తాగేదెట్లుంటదో చూస్తర బిడ్డా" యనెను. వాడు దుబాయిలో సీసా కొని, ముద్రసంచిలో చేతబట్టుకొని, బొంబాయిలో దిగెను. సుంకపువారు పోనిచ్చిరి. అచ్చటినుండి హైదరాబాదునకు వేరు విమానము. అది దేశములోపలి ప్రయాణము గనుక మరల తనిఖీ. ముద్ర చూపినను రక్షకులు వినలేదు. సీసా అచ్చటనే విడిచి రావలసివచ్చెను. బొంబాయిలో పెట్టెను తీసికొనినపుడే సీసాను దానిలో సర్ది మరల అప్పగించియున్న ఏ చిక్కును లేకపోయెడిది. ఆ మాట చెప్పువారప్పుడు ప్రక్కన లేరు. వాడు వట్టిచేతులతో ఇల్లు చేరి తాత ముఖము చూడలేకపోయెను.

మరుసటి యేడు వచ్చుటకు ముందు నాకు ఫోను చేసి అన్నియు నడిగి వ్రాసికొనెను. ఒక్క సీసా, దుప్పటిలో చుట్టి, పెట్టె నడుమ. పగులక వచ్చినది. తాత గ్లాసులో రెండు వ్రేళ్లంత పోయించుకొని, వాసన చూచి, నోటబెట్టి చాలసేపు పలుకక కూర్చుండెను. పిమ్మట గ్లాసు ప్రక్కకు జరిపి, చెట్టుమీదినుండి ఇప్పుడే దింపిన లొట్టి యేమైన నున్నదేమో చూచి రమ్మని మనుమని పంపెను.